క్యాంపర్ వ్యాన్‌లో సోలార్ విద్యుత్తు: ప్రధాన ఫ్యూజ్, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ గురించి సందేహాలు

ప్రశ్న

ఒక పాత సరుకుల వ్యాన్‌ను క్యాంపర్‌గా మారుస్తున్నాను. చెక్కపని చివరికి వచ్చింది, ఇక విద్యుత్తు పని మొదలుపెట్టాలి. గోడలకు పలకలు బిగించేశాక వైర్లను మళ్లీ బయటికి తీయడం కష్టం కాబట్టి, ఆ లోపే నా ఆలోచనను తెలిసినవారి ముందు ఉంచుతున్నాను.

పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు నాలుగు ఉంటాయి. ఒక్కో ప్యానెల్ వెనుక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (దేనికీ కలపనప్పటి వోల్టేజి) 22.5 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ కరెంటు 5.8 ఆంపియర్లు అని రాసి ఉంది. నాలుగింటినీ సిరీస్‌లో కలిపి, 100 వోల్టులు, 30 ఆంపియర్ల ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్‌కు (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని తీసి బ్యాటరీని చార్జ్ చేసే పరికరం) ఇవ్వాలనుకుంటున్నాను. బ్యాటరీ 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం; బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) దానిలోనే ఉంది. దాని మీద 2,000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటుంది. దీపాలు, నీటి పంపు, ఫ్రిజ్ నేరుగా 12 వోల్టుల మీదే నడుస్తాయి. క్యాంప్‌సైట్‌లో బయటి కరెంటు దొరికినప్పుడు వాడుకోవడానికి వ్యాన్ పక్కన ఒక ఇన్‌లెట్ సాకెట్ కూడా పెడతాను. ఇంజిన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి కూడా బ్యాటరీ చార్జ్ కావాలి.

నా సందేహాలు ఇవి. మొదటిది, 12 వోల్టులు షాక్ కొట్టవు, పైగా బీఎంఎస్ షార్ట్ సర్క్యూట్‌ను తానే ఆపుతుంది. అలాంటప్పుడు ఒక్కో పరికరానికి చిన్న ఫ్యూజ్ పెడితే సరిపోదా, బ్యాటరీ దగ్గర ఖరీదైన ప్రధాన ఫ్యూజ్ దేనికి? రెండవది, ఇంట్లో వాడే ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తామే తెంచే స్విచ్‌లు) కొన్ని నా దగ్గర మిగిలి ఉన్నాయి. వాటిని డీసీ వైపు వాడవచ్చా? మూడవది, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) తప్పనిసరి అని ఒకరు, భూమితో సంబంధమే లేని వ్యాన్‌లో అది అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదని మరొకరు చెప్పారు. ఇద్దరిలో ఎవరిది సరి? రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి ఎర్తింగ్ అంటే అసలు ఏమిటి?

మొదటి సమాధానం

మీ పథకంలో మరీ పెద్ద లోపాలు లేవు. కానీ మీ మొదటి సందేహం వెనుక ఉన్న ఊహ ప్రమాదకరమైనది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

12 వోల్టులు షాక్ కొట్టవన్నది నిజమే. పొడి చర్మం గుండా ఆ వోల్టేజి ప్రాణాపాయం కలిగించేంత కరెంటును పంపలేదు. అయితే వ్యాన్‌లో డీసీ వైపు భయపడవలసింది షాక్‌కు కాదు, నిప్పుకు. వోల్టేజి తగ్గినకొద్దీ అదే పనికి కావలసిన కరెంటు పెరుగుతుంది. 230 వోల్టుల మీద 2,000 వాట్ల పరికరం తొమ్మిది ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. అదే పరికరాన్ని ఇన్వర్టర్ ద్వారా నడిపితే, మార్పిడిలో పోయే సుమారు పది శాతాన్ని కూడా కలుపుకుని, బ్యాటరీ నుంచి దాదాపు 180 ఆంపియర్లు పారతాయి. మామూలు ఇంటి వైరింగ్‌లో ఏ తీగా చూడనంత కరెంటు అది.

ఆ కరెంటు ఒక సరిగా బిగియని లగ్ (కేబుల్ కొసకు తొడిగే లోహపు రింగు) గుండా పోతోందనుకోండి. ఆ కీలు నిరోధం ఒక మిల్లీఓమ్ మాత్రమే అనుకున్నా, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 32 వాట్లు వస్తుంది. అంటే ఒక సోల్డరింగ్ ఐరన్‌ను వెలిగించి ప్లైవుడ్ పెట్టెలో పెట్టి తలుపు మూసినట్టు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ లోపాన్ని ప్రపంచంలోని ఏ ఫ్యూజూ పట్టుకోదు, ఎందుకంటే సర్క్యూట్‌లో పారుతున్నది మామూలు కరెంటే. ఫ్యూజ్ చూసేది కరెంటును, వేడిని కాదు. అందుకే నా దృష్టిలో వ్యాన్ విద్యుత్తు భద్రతలో సగం పని ఫ్యూజులు ఎంచుకోవడంలో కాక, కీళ్లు సరిగా చేయడంలో ఉంది. లావు కేబుళ్లకు హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో, కేబుల్ సైజుకు సరిపోయే డై పెట్టి, కళాయి పూత ఉన్న రాగి లగ్గులు నొక్కాలి. సుత్తితో కొట్టి గాని, పట్టకారుతో నొక్కి గాని చేసిన లగ్ చూడటానికి బాగానే ఉంటుంది, లోపల తీగల మధ్య గాలి మిగిలిపోతుంది. లగ్ నేరుగా బస్‌బార్‌ను, అంటే కేబుళ్లన్నీ కలిసే లోహపు పట్టీని, తాకాలి. రెంటి మధ్య స్టీల్ వాషర్ పడితే కరెంటు మొత్తం ఆ వాషర్ గుండా పోవాలి, స్టీల్ రాగి కన్నా చాలా చెడ్డ వాహకం. నట్టును తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించండి. బండి కుదుపులకు నట్లు సడలుతాయి కాబట్టి మొదటి ప్రయాణం తర్వాత ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడు టార్క్ సరిచూడాలి. పూర్తి లోడ్ మీద కాసేపు నడిపి ప్రతి కీలు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే, చెడ్డ కీలు పక్కవాటి కన్నా వేడిగా కనిపించి తనంతట తానే బయటపడుతుంది. మెరిసే లోహం మీద ఆ మీటరు తప్పు చూపుతుంది కాబట్టి, కొలిచే చోట నల్లటి టేపు ముక్క అంటించండి.

కేబుల్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుళ్లను రాగి కేబుళ్లుగా అమ్మడం కద్దు. అల్యూమినియం నిరోధకత రాగి కన్నా సుమారు 1.6 రెట్లు. కొస దగ్గర తీగను గీరి చూస్తే తెల్లగా కనిపిస్తుంది.

ఇక ప్రధాన ఫ్యూజ్ సంగతి. ఫ్యూజ్ పరికరాన్ని కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. ఫ్రిజ్ దగ్గర పెట్టిన చిన్న ఫ్యూజ్, బ్యాటరీకీ ఆ ఫ్యూజుకూ మధ్య ఉన్న కేబుల్ రేకుల అంచుకు ఒరుసుకుని ఇన్సులేషన్ తెగితే ఏమీ చేయలేదు. అందుకే బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా ప్రధాన ఫ్యూజ్ ఉండాలి. పడవల విద్యుత్తుకు అమెరికాలో పాటించే ఏబీవైసీ ప్రమాణం సాధారణంగా ఏడు అంగుళాల లోపు అంటుంది, వ్యాన్‌కూ అది మంచి కొలతే. కేబుల్ రేకు గుండా దూరే ప్రతి చోటా రబ్బరు గ్రామెట్ వేయండి. బీఎంఎస్‌ను నమ్ముకుని ఫ్యూజ్ మానేయకూడదు. అందులో స్విచ్‌లుగా పనిచేసేవి మాస్‌ఫెట్లు. అవి పాడైతే చాలాసార్లు షార్ట్ అయి, అంటే తెరుచుకోవలసిన స్విచ్ మూసుకుని ఉండిపోయి పాడవుతాయి. రక్షణ అత్యవసరమైన క్షణంలోనే అది లేకుండా పోవచ్చు.

ఫ్యూజ్ మీద రాసి ఉన్న ఆంపియర్లతో పాటు, అది ఎంత కరెంటును తెంచగలదో కూడా చూడాలి. బ్యాటరీ లోపలి నిరోధం, కేబుళ్ల నిరోధం కలిపి ఐదు మిల్లీఓమ్‌లు అనుకుంటే షార్ట్ సర్క్యూట్‌లో 2,500 ఆంపియర్ల పైనే పారుతుంది. మంచి సెల్స్, పొట్టి కేబుళ్లు ఉంటే ఇంకా ఎక్కువ. తన శక్తికి మించిన కరెంటు వచ్చినప్పుడు ఫ్యూజ్ కరుగుతుంది గాని, కరిగిన చోట ఆర్క్ (గాలి గుండా సాగే విద్యుత్ మెరుపు) నిలబడి కరెంటు ఆగదు. లిథియం బ్యాటరీకి క్లాస్ టీ ఫ్యూజ్‌ను సిఫార్సు చేసేది ఇందుకే. దాని తెంచే సామర్థ్యం డీసీలో సాధారణంగా 20,000 ఆంపియర్లు. మీ ఇన్వర్టర్‌కు 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, 250 ఆంపియర్ల క్లాస్ టీ ఫ్యూజ్ సరిపోతాయి. చార్జ్ కంట్రోలర్ నుంచి బస్‌బార్‌కు 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, బస్‌బార్ కొసలో 40 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. అక్కడ ప్రమాదకరమైన కరెంటు రాగలిగింది బ్యాటరీ వైపు నుంచి, కంట్రోలర్ వైపు నుంచి కాదు.

ఒక ముఖ్యమైన వివరం మీరు చెప్పలేదు. బీఎంఎస్ నిరంతరంగా ఎంత కరెంటు ఇవ్వగలదు? 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు చాలావాటిలో అది 100 ఆంపియర్లే. అలా అయితే 2,000 వాట్ల ఇన్వర్టర్ కొన్నా సుమారు 1,100 వాట్ల దగ్గరే ఆగవలసి వస్తుంది.

ఎంసీబీల విషయానికి వస్తే, డీసీ రేటింగ్ స్పష్టంగా ముద్రించి లేని ఎంసీబీని డీసీ వైపు వాడకండి. 50 హెర్ట్జ్ ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో ఆర్క్ తనంతట తాను ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశం లేదు; ఆర్క్‌ను సాగదీసి, చల్లబరచి ఆర్పే ఏర్పాటు బ్రేకర్ లోపలే ఉండాలి. డీసీ బ్రేకర్లలో కూడా కొన్నింటికి ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. వాటిని తిరగేసి కలిపితే లోపలి అయస్కాంతం ఆర్క్‌ను ఆర్పే గదిలోకి కాక ఎదురు దిక్కుకు నెడుతుంది, బ్రేకర్ కాలిపోతుంది. కరెంటు రెండు దిక్కులా పారే బ్యాటరీ సర్క్యూట్లో అలాంటివి అసలు పెట్టకూడదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ క్లాస్ టీ ఫ్యూజ్ తప్పనిసరి అన్నట్టు రాయడం కొంచెం అతిగా అనిపించింది. వ్యాన్లలో మెగా ఫ్యూజులు ఎప్పటినుంచో వాడుతున్నారు, అవి సులభంగా దొరుకుతాయి, చౌక కూడా. ఆంపియర్ల బెడద తగ్గాలంటే 24 వోల్టుల వ్యవస్థకు మారడం మేలు కాదా? 180 ఆంపియర్లు 90కి దిగుతాయి, కీళ్ల దగ్గర పుట్టే వేడి నాలుగో వంతు అవుతుంది.

మొదటి సమాధానం రాసినవారు

24 వోల్టుల సూచన మంచిదే, వేడి లెక్క కూడా సరైనదే. అయితే దీపాలు, పంపు, ఫ్రిజ్ అన్నీ 12 వోల్టులవి కాబట్టి మధ్యలో డీసీ కన్వర్టర్ ఒకటి చేరుతుంది. బ్యాటరీ ఇప్పటికే కొన్నవారికి అది మొదలుకు రావడమే. 3,000 వాట్ల ఇన్వర్టర్ పెట్టేవారికైతే నేనూ 24 వోల్టులే చెబుతాను.

మెగా ఫ్యూజ్‌తో మాత్రం ఒప్పుకోలేను. దాని తెంచే సామర్థ్యం 32 వోల్టుల వద్ద 2,000 ఆంపియర్లు. ఏఎన్ఎల్ రకానికి అది 6,000, బ్యాటరీ టెర్మినల్ మీదే బిగించే ఎంఆర్‌బీఎఫ్ రకానికి 14 వోల్టుల వద్ద 10,000. లెడ్ యాసిడ్ బ్యాటరీల లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి పాత వ్యాన్లలో మెగా ఫ్యూజులు నెట్టుకొచ్చాయి. లిథియం వచ్చాక లెక్క మారింది. బస్‌బార్ తర్వాత శాఖలుగా చీలే సర్క్యూట్లలో, ముందు క్లాస్ టీ ఉన్నప్పుడు, మెగా ఫ్యూజులు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒకే 12 వోల్టుల బ్యాటరీ ఉన్న చోట పేరున్న తయారీదారు చేసిన ఎంఆర్‌బీఎఫ్ కూడా చాలామందికి ఆమోదయోగ్యమే. నకిలీ క్లాస్ టీ కన్నా అసలైన ఎంఆర్‌బీఎఫ్ ఎంతో నయం.

మూడవ సమాధానం

డీసీ వైపు చెప్పవలసింది చెప్పారు కాబట్టి నేను ఏసీ వైపుకే పరిమితమవుతాను. షాక్ నిజంగా ప్రాణం తీయగలిగేది అక్కడే.

ఆర్‌సీసీబీ గురించి మీకు చెప్పిన ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. ఆర్‌సీసీబీ చేసేది ఒకే పని: ఫేజ్ గుండా వెళ్లిన కరెంటు, న్యూట్రల్ గుండా తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది, 30 మిల్లీఆంపియర్ల తేడా కనిపించేసరికి తెంచేస్తుంది. తేడా రావాలంటే ఆ కరెంటు వేరొక దారిలో, అంటే మనిషి ఒంటి గుండానో ఎర్త్ వైరు గుండానో, బయలుదేరిన చోటుకు తిరిగి చేరగలగాలి. చాలా ఇన్వర్టర్లలో అవుట్‌పుట్ రెండు కొసలూ దేనితోనూ కలవకుండా విడిగా ఉంటాయి. అప్పుడు మిక్సీ లోపల ఒక తీగ దాని లోహపు ఒంటికి తగిలినా కరెంటుకు తిరుగుదారి లేదు. ఆర్‌సీసీబీ కదలదు, మనిషికి షాక్ కూడా కొట్టదు. వినడానికి ఇది మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ మొదటి లోపం ఎవరికీ తెలియకుండా అలాగే ఉండిపోతుంది; రెండవ తీగకు మరో పరికరంలో ఇదే జరిగిన రోజున, ఆ రెండు పరికరాలను ఏకకాలంలో తాకినవారి చేతుల మధ్య పూర్తి 230 వోల్టులు ఉంటాయి. అప్పుడు కూడా, వెళ్లిన కరెంటంతా ఆర్‌సీసీబీలోని రెండో తీగ గుండానే తిరిగి వస్తుంది కాబట్టి, అది కదలకపోవచ్చు.

అందువల్ల ఆర్‌సీసీబీ పనిచేయాలంటే ఇన్వర్టర్ నడిచేటప్పుడు దాని అవుట్‌పుట్‌లో ఒక కొసను న్యూట్రల్‌గా నిర్ణయించి, దానిని ఎర్త్ వైరుతోను, ఆ ఎర్త్‌ను వ్యాన్ ఛాసిస్‌తోను కలపాలి. దీనికి నేలలో కడ్డీ పాతవలసిన అవసరం లేదు. లీకైన కరెంటు వెనక్కి చేరవలసింది మట్టికి కాదు, ఇన్వర్టర్‌కు. ఆ దారి మొత్తం వ్యాన్ లోపలే పూర్తవుతుంది. మీరు అడిగిన చివరి ప్రశ్నకు ఇదే జవాబు: బండిలో ఎర్త్ అంటే ఛాసిస్, దానితో లావు తీగలతో కలిసి ఉన్న లోహభాగాలన్నీ. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. కొన్ని చౌక ఇన్వర్టర్లలో అవుట్‌పుట్ కొసలు రెండూ లోపలి సర్క్యూట్‌తో నేరుగా ముడిపడి ఉంటాయి. వాటిలో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపితే ఇన్వర్టర్ అక్కడికక్కడే కాలిపోతుంది. తయారీదారు మాన్యువల్‌లో ఈ కలయికకు అనుమతి రాసి ఉంటేనే చేయండి, లేకపోతే ఇన్వర్టర్‌నే మార్చండి.

బయటి కరెంటు వచ్చి చేరినప్పుడు మరో చిక్కు ఉంది. ఆ సరఫరాలో న్యూట్రల్, ఎర్త్ కలయిక ముందే ఎక్కడో జరిగి ఉంటుంది. వ్యాన్‌లో కూడా రెండో కలయిక ఉంటే, న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ వైరు గుండా, ఛాసిస్ గుండా పారి, క్యాంప్‌సైట్ ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుంది. అక్కడ ఆర్‌సీసీబీ లేకపోతే అది పడదు కూడా, బండి రేకుల్లో కరెంటు నిరంతరం పారుతూనే ఉంటుంది. దీన్ని తప్పించడానికి సులువైన మార్గం, ఫేజ్‌ను, న్యూట్రల్‌ను రెండింటినీ తెంచే రెండు పోళ్ల చేంజోవర్ స్విచ్ పెట్టి, న్యూట్రల్–ఎర్త్ కలయికను ఆ స్విచ్‌కు ఇన్వర్టర్ వైపున ఉంచడం. స్విచ్ బయటి కరెంటు మీదకు తిరగగానే ఇన్వర్టర్‌తో పాటు ఆ కలయిక కూడా సర్క్యూట్ నుంచి తప్పుకుంటుంది. ఆర్‌సీసీబీని స్విచ్ తర్వాత పెడితే రెండు సరఫరాలకూ అదే కాపలా. చార్జర్, ఇన్వర్టర్ కలిసి ఉన్న యంత్రాల్లో ఈ పనిని లోపలి రిలే చేస్తుంది. స్విచ్‌కు మధ్యలో ఆఫ్ స్థానం ఉండాలి. ఒక సరఫరా పూర్తిగా తెగాకనే రెండవది కలవాలి. రెండు కొసలా ప్లగ్ ఉన్న తీగతో ఇన్వర్టర్‌ను సాకెట్ ద్వారా వైరింగ్‌లోకి ఎక్కించే పద్ధతి కొందరు వాడుతుంటారు. ఊడివచ్చిన ప్లగ్ పిన్నులు చేతికి తగిలే చోట బతికి ఉంటాయి కాబట్టి దాన్ని ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

కారవాన్లు, మోటారు కారవాన్ల విద్యుత్తు అమరికకు అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల్లో ఐఈసీ 60364-7-721 అనే ప్రత్యేక భాగం ఉంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ ఈ కోవలోదే), కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ దాని కోరికల్లోవే. ఒకే గట్టి కడ్డీ లాంటి రాగి తీగ ఇళ్లకు సరే గాని, కుదుపులకు విరుగుతుంది. వ్యాన్‌లో పలుపోగుల తీగే వాడాలి. ఏసీ, డీసీ తీగలను ఒకే గొట్టంలో కలిపి లాగవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బ్యాటరీ లేబుల్ చూశాను. బీఎంఎస్ నిరంతర సామర్థ్యం 150 ఆంపియర్లు. లెక్క వేసుకుంటే 1,650 వాట్ల దగ్గర హద్దు వస్తోంది కాబట్టి, పెద్ద పరికరాలు రెండు కలిపి వాడకుండా ఇన్వర్టర్ సెట్టింగ్‌లోనే పరిమితి పెడతాను. ఇన్వర్టర్ మాన్యువల్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపడానికి లోపల ఒక లింక్ ఉందని, కర్మాగారం నుంచి అది తెరిచి వస్తుందని ఉంది. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. లగ్గులను క్రింప్ చేశాక పైన సీసం కూడా పోస్తే ఇంకా గట్టిగా ఉంటుందా? ప్యానెళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు, అంటే ఆ భాగం సరిగా ఉన్నట్టేనా?

నాలుగవ సమాధానం

ప్యానెళ్ల భాగం సరిగా లేదు. వేసవిలో మీకు ఏ ఇబ్బందీ కనిపించదు, చలికాలపు ఉదయాన కంట్రోలర్ పోతుంది.

లేబుల్ మీది 22.5 వోల్టులు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి సంగతి. సిలికాన్ ప్యానెల్ చల్లబడినకొద్దీ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. నాలుగూ సిరీస్‌లో 25 డిగ్రీల వద్ద 90 వోల్టులు. సున్నా డిగ్రీల వద్ద అది దాదాపు 97కు, మైనస్ 10 వద్ద 99.5కు చేరుతుంది. కంట్రోలర్ హద్దు 100. రాత్రంతా చల్లబడిన ప్యానెళ్ల మీద తొలి ఎండ పడే క్షణంలో, బ్యాటరీ నిండి ఉండి కంట్రోలర్ కరెంటేమీ లాగకపోతే, ప్యానెళ్ల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి మొత్తం దాని ఇన్‌పుట్ మీద ఉంటుంది. లేబుల్ విలువకు అటూ ఇటూ మూడు శాతం తేడాను తయారీదారులు మామూలుగా అనుమతిస్తారు. ఆ మూడు శాతం చాలు హద్దు దాటడానికి. కరెంటు ఎక్కువైతే ఎంపీపీటీ తనను తాను పరిమితం చేసుకుంటుంది, వోల్టేజి ఎక్కువైతే మాత్రం లోపలి భాగాలు కాలిపోతాయి.

రెండేసి ప్యానెళ్లు సిరీస్‌లో, ఆ రెండు జతలు ప్యారలల్‌లో కలపండి. అప్పుడు 45 వోల్టులు, 11.6 ఆంపియర్లు. ఒక జత మీద నీడ పడినా రెండోది తన పని చేసుకుంటుంది. రెండు జతలకు విడి ఫ్యూజులు అక్కరలేదు, ఎందుకంటే ఒకదానిలో షార్ట్ వచ్చినా రెండోది దానిలోకి పంపగలిగింది 5.8 ఆంపియర్లే, ప్యానెల్ దాన్ని తట్టుకుంటుంది. మూడో జత కలిపిన రోజున, ప్యానెల్ వెనుక రాసిన గరిష్ఠ సిరీస్ ఫ్యూజ్ విలువను మించకుండా, ఒక్కో జతకు ఒక ఫ్యూజ్ తప్పనిసరి.

ప్యానెళ్లకూ కంట్రోలర్‌కూ మధ్య, రెండు తీగలనూ తెంచే డీసీ ఐసొలేటర్ ఉండాలి, అది మంచం కిందో సామాన్ల వెనకో కాక చేతికందే చోట ఉండాలి. ఎంసీ4 కనెక్టర్లను (ప్యానెళ్ల తీగలను కలిపే ప్లగ్గులు) ఎండలో, కరెంటు పారుతుండగా ఎప్పుడూ లాగవద్దు. ఒక తయారీదారు ప్లగ్‌ను మరొకరి సాకెట్‌లో గుచ్చవద్దు. క్లిక్ మని పడతాయి గాని లోపల తాకిడి సరిపోక ఏళ్ల తరబడి నెమ్మదిగా కాలుతూ ఉంటాయి. పని చేసేముందు ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటి కప్పండి, వెలుతురు ఉన్నంతసేపు వాటిని ఆపే స్విచ్ ఏదీ లేదు. కలిపేటప్పుడు కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ, తర్వాత ప్యానెళ్లు. విడదీసేటప్పుడు మొదట ప్యానెళ్లు.

చలి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇదీ చూడండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ను సున్నా డిగ్రీల కన్నా కింద చార్జ్ చేస్తే ఆనోడ్ మీద లోహపు లిథియం పేరుకుంటుంది, అది తిరిగి పోదు. మీ బీఎంఎస్‌లో చలి కటాఫ్ ఉందో లేదో చూసుకోండి. ఆల్టర్నేటర్‌ను నేరుగా గాని, ఒక రిలే ద్వారా గాని బ్యాటరీకి కలపవద్దు. ఖాళీ లిథియం బ్యాటరీ ఇవ్వగలిగినంతా లాగుతుంది, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు గాలి చాలక ఆల్టర్నేటర్ మాడిపోతుంది. చార్జింగ్ మధ్యలో బీఎంఎస్ హఠాత్తుగా తెంచితే లేచే వోల్టేజి ఆల్టర్నేటర్ డయోడ్లను దెబ్బతీస్తుంది. మధ్యలో డీసీ–డీసీ చార్జర్ పెడితే రెండు బాధలూ తప్పుతాయి; దాని కేబుల్‌కు రెండు కొసలా బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి ఫ్యూజ్ కూడా రెండు కొసలా ఉండాలి.

లగ్గులకు సీసం వద్దు. అది పోగుల మధ్య నుంచి పైకి పాకి కొంత మేర తీగను గట్టి కడ్డీలా చేస్తుంది. ఆ గట్టి భాగం ముగిసే చోట కుదుపులకు పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. క్రింప్ చేసి, పైన జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి.

మూడవ సమాధానం రాసినవారు

మీ మాన్యువల్‌లో చెప్పిన లింక్ అదే. దాన్ని కలిపాక అది నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కి, అది పడింది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. ఆ బటన్ ఆర్‌సీసీబీ లోపలే, ఒకవైపు ఫేజ్ నుంచి రెండోవైపు న్యూట్రల్‌కు ఒక రెసిస్టర్ గుండా కొద్దిపాటి కరెంటు పంపుతుంది. ఎర్త్ వైరు ప్రసక్తి అందులో లేదు. న్యూట్రల్–ఎర్త్ కలయిక అసలు లేని వ్యాన్‌లో కూడా బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ చక్కగా పడుతుంది.

కాబట్టి బటన్ పరీక్షతో పాటు, సాకెట్ దగ్గర ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 30 మిల్లీఆంపియర్లు పంపి, తెగడానికి పట్టిన కాలాన్ని కొలిచే ఆర్‌సీడీ టెస్టర్‌తో చూడాలి. మామూలు ఆర్‌సీసీబీ ఆ కరెంటుకు 300 మిల్లీసెకన్ల లోపు తెగాలి. ఈ పరీక్షను ఇన్వర్టర్ మీద ఒకసారి, బయటి కరెంటు మీద మరోసారి, విడివిడిగా చేయండి. ఆ తర్వాత బయటి కరెంటు ప్లగ్‌ను తీసేసి, బ్యాటరీని విడదీసి, చేంజోవర్ స్విచ్‌ను బయటి కరెంటు వైపు తిప్పి, ఇన్‌లెట్‌లో న్యూట్రల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. అక్కడ తెరిచి ఉన్నట్టు చూపాలి. సున్నా ఓమ్‌లకు దగ్గరగా చూపితే, కలయిక స్విచ్‌కు తప్పు వైపున పడిందని అర్థం. టెస్టర్ మీ దగ్గర లేకపోతే, పలకలు బిగించకముందే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఈ పరీక్ష చేయించండి.